ఎడమ చక్రం మీది సీటు

గొడవ టేపు దగ్గర మొదలైంది. మా అమ్మ బట్టలు కుట్టే రోజుల్లో మెడలో వేసుకునే పసుపుపచ్చ కొలత టేపు అది. కుట్టుమిషను సొరుగులో దారపుండల పక్కన చుట్టి పెట్టుకుంటాను. ఆ పొద్దున జాకెట్టు చేతి కొలత చూసుకుందామని సొరుగు లాగితే లేదు. ఇల్లంతా వెతికి వాకిట్లోకి వస్తే, మా ఆయన గోవర్ధన్ బండి వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని ఆ టేపుతో టైరు కొలుస్తున్నాడు. టేపు సగం నల్లబడిపోయింది.

"అది బట్టల టేపు" అన్నాను.

"టేపే గద. కొలుస్తున్న, కొరుకుతలేను" అన్నాడు తలెత్తకుండా.

"మసి అంటింది."

"సబ్బు పెడితె పోతది."

"అంకెలు గూడ పోతయి."

అప్పుడు తలెత్తాడు. ఇంత దానికి పొద్దుగాల్నే మొఖం అట్లా పెడితే ఎట్లా, బజారుకు పోతే పది దొరుకుతాయి అన్నాడు. సాయంత్రం టేపును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెల్లగా తుడిచాను. మసి పోయింది. పన్నెండు నుంచి పందొమ్మిది దాకా అంకెలు కూడా వెలిసిపోయాయి.

అది రెండువేల పన్నెండు, కార్తీకం చివర. అమ్మ పోయి అయిదు నెలలు దాటింది.

ఆ ఏడు మా మామ రామచంద్రయ్య ప్రయాగ కుంభమేళాకు సొంత బండిలో పోదామని దసరా నాడే చెప్పేశాడు. మామిడిపల్లి వైపున్న మా చెలక అమ్ముడై లేఔట్లో కలిసిన ఏడాది కొన్న బండి అది. ఏడు సీట్లు. అంత పెద్ద బండి యాదగిరిగుట్ట దాటి ఎన్నడూ పోలేదని మామకు లోలోపల చిన్నతనంగా ఉండేది. వెళ్ళేది మామ, అత్తమ్మ, గోవర్ధన్, మరిది రవీందర్, తోడికోడలు ప్రేమలత, నేను. ఆరుగురం. మా అమ్మాయి అనుపమకు ఇంటర్ పరీక్షలు, హాస్టల్లోనే ఉంటుంది.

ఆ దసరా రాత్రి భోజనాలయ్యాక గోవర్ధన్ వంటింటి గడపలో నిలబడి, "మీ అమ్మ పని గూడ అయిపోతది. ఇద్దరం కలిసి కలుపుదం" అన్నాడు. తను ఆ మాట అని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ మాటను పట్టుకునే దసరా నుంచి చలికాలం దాకా వచ్చాను.

అమ్మకు నేనొక్కదాన్నే. పేరు సక్కుబాయి. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న పోతే అత్తాపూర్‌లో జాకెట్లు కుట్టి నన్ను బీఎస్సీ చదివించింది. మూసీకి నాలుగు వీధుల అవతల ఉండేది మా ఇల్లు. గాలి ఇటు తిరిగితే అన్నం ముందు కూర్చోలేకపోయేవాళ్ళం. దవాఖానలో పడుకున్నప్పుడు అమ్మ నన్ను అడిగింది ఒక్కటే. "నన్ను మూసీల కలుపకు బిడ్డా. బతికినన్ని దినాలు దాని వాసనే పీల్చిన. పోయినంక గూడ దాంట్లనేనా?" నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే సరే అన్నాను.

అస్థికలు ఇంట్లోకి తేకూడదు. అత్తాపూర్ శ్మశానంలో ఇనుప బీరువాలకు చిన్న చిన్న లాకర్ అరలుంటాయి, నంబర్లతో. అమ్మది పదిహేడు. ఆ తాళంచెవి నా గుత్తిలో, బియ్యం గది తాళంచెవి పక్కన వేలాడుతూ ఉండేది.

ఇక టైర్ల సంగతి.

మా వీధిలో మహేష్ అని ఒకతను విమానాశ్రయంలో సామాన్ల ట్రాలీలు లాగే ట్రాక్టర్ నడుపుతాడు. అక్కడికొచ్చిన విదేశీ ఇంజనీరు ఎవరో, తమ దేశంలో చలికాలం రాగానే కార్లకు వేరే టైర్లు వేస్తారని అతనికి చెప్పాడట. మహేష్ ఆ మాట గోవర్ధన్‌కు చేరవేశాడు. అదే వారం టీవీలో ఉత్తర భారతంలో చలి అని వార్త చదువుతూ సిమ్లాలో మంచు గడ్డలు చూపించారు. అంతే. ప్రయాగ కూడా ఉత్తర భారతమే కాబట్టి అక్కడా రోడ్డు మీద అట్లాగే ఉంటుందని గోవర్ధన్ తీర్మానించుకున్నాడు. మామతో కూడా అనేశాడు, మన బండికి చలికాలం టైర్లు వేస్తున్నామని. మామ రచ్చబండ దగ్గర నలుగురికీ చెప్పాడు. ఇగ వెనక్కి పోయే దారి లేదు.

పదిహేను రోజులు తిరిగాడు. బడంగ్‌పేట్‌లో ఒక దుకాణం వాడు, ఇక్కడి చలికి స్వెట్టరే ఎవరూ కొనరు, టైర్లెక్కడివన్నా అని నవ్వాడట. చివరికి అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద మొగులయ్య అనే ఆయన దుకాణంలో నాలుగు టైర్ల సెట్టు ఒకటి ఉందని తెలిసింది. జపాన్‌లో వాడి తీసేసినవి, కంటైనర్లో వచ్చాయి.

నేనూ వస్తానన్నాను. లాకర్ దగ్గరికి పోయి నెల అయింది.

ముందు సీట్లలో అన్నదమ్ములిద్దరు. మధ్య సీటులో ఎరువు బస్తాలు. నేను ఎప్పటిలాగే చివర, పక్కకు తిరిగి కూర్చునే సీటులో. బండి కొన్న రోజు నుంచి నా చోటు అదే. ముందు మామ, మధ్యలో అత్తమ్మ మోకాళ్ళు, ప్రేమలత వాంతులు; మిగిలింది అది. సరిగ్గా వెనక ఎడమ చక్రం మీద ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్ళ మాటలు అక్కడికి చేరవు. వాళ్ళు నవ్వితే దేనికి నవ్వారో తెలియదు. చక్రం చప్పుడు మాత్రం నాదే. రోడ్డు మారితే, గాలి తగ్గితే, చినుకు పడితే నా నడుముకు ముందు తెలిసేది.

ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కగానే చప్పుడులో ఒక గొంతు ఎక్కువైనట్టు అనిపించింది. రెండు వారాలుగా వింటున్నదే. మొగులయ్య దుకాణం ముందు దిగి చెప్పాను, వెనక ఎడమది లోపలి అంచు అరిగిపోయిందని. మొగులయ్య వంగి చెయ్యి లోపలికి పెట్టి చూశాడు.

"తీగలు తేలినయ్" అన్నాడు. "ఎట్ల ఎరికైందమ్మా?"

"దాని మీదనే కూసుంటది మా వదిన" అన్నాడు రవీందర్. అందరూ నవ్వారు. నేను కూడా.

జపాన్ టైర్లు గోడకు ఆనించి ఉన్నాయి. చూడ్డానికి బాగున్నాయి. గాళ్ళు లోతుగా ఉన్నాయి, ఒక్కో గడ్డ మీద దువ్వెన పళ్ళలా సన్నని కోతలు. గోవర్ధన్ వాటిని కొత్త కోడెను చూసినట్టు అటూ ఇటూ తిరిగి చూస్తున్నాడు. నేను కొంగు దోపుకుని కూర్చుని టైరు పక్క అంచు మీది రాతలు చదివాను. ముందురోజు బండి పుస్తకం మొత్తం చదివి ఒక కాగితం మీద రాసుకొచ్చాను.

చివర చిన్న గడిలో నాలుగంకెలు, మూడు ఒకటి సున్నా నాలుగు. రెండువేల నాలుగు సంవత్సరం, ముప్పై ఒకటో వారం. ఎనిమిదేళ్ళ రబ్బరు. పక్కన బరువు అంకె తొంభై ఎనిమిది. మా పుస్తకంలో నూట అయిదు. మొగులయ్య దుకాణం గోడ మీద పట్టిక ఉంది. తొంభై ఎనిమిదికి ఎదురుగా ఏడువందల యాభై కిలోలు, నూట అయిదుకు తొమ్మిదివందల ఇరవై అయిదు. సంచిలోంచి అమ్మ టేపు తీసి వెడల్పు కూడా చూశాను. మన దానికంటే సన్నం.

"ఇవి పాతవి" అన్నాను. "బరువు మొయ్యవు. మెత్తటి రబ్బరు, గడ్డకట్టే చలికి చేసింది. నాగ్‌పూర్ దాక మధ్యాహ్నం ఎండల పోవాలె, పోయేసరికే అరుగుతది. ప్రయాగల రోడ్డు మీద మంచుగడ్డ పడదు. పొగమంచే. దానికి టైరు ఏం చేస్తది, లైట్లు మంచిగుండాలె, మెల్లగ పోవాలె."

గోవర్ధన్ ముఖం ఎర్రబడింది. దుకాణంలో నలుగురున్నారు. మొగులయ్య నా వైపు కాదు, తన టైర్ల వైపు చూసి, అమ్ముకునేటోన్ని నేను చెప్పొద్దు గానీ అమ్మ చెప్పింది నిజమే అన్నాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నానని అడిగాడు. దాని మీదనే రాసి ఉంది, చదివిన అన్నాను.

గోవర్ధన్ ఫోను చెవికి పెట్టుకుని పిల్లరు పక్కకు వెళ్ళిపోయాడు. ఫోనులో ఎవరూ లేరని నాకు తెలుసు. పది నిమిషాలకు వచ్చి, అయితే నువ్వే చెప్పు ఏది వెయ్యాలో అన్నాడు. నేను చూపించాను. మామూలు రోడ్డు టైరు, నూట అయిదు, చేసి పది వారాలే అయింది. అయిదూ తీసుకుందామన్నాను, స్టెప్నీకి కూడా. టైర్లు అయిదూ తీసుకున్నాడు గానీ, ఊళ్ళో మాట నిలబడాలి కదా, మెరిసే అల్లాయ్ చక్రాలు మాత్రం నాలుగు వేయించాడు. అయిదోది పాత ఇనప చక్రమే. వెనక తలుపు మీద కవర్లో ఉంటది, ఎవరు చూస్తరు అన్నాడు.

మొగులయ్య లెక్క కట్టి ఇంకో మాట చెప్పాడు. మంచి టైర్లే అయినా బండికి హద్దుంటుంది. ఏడుగురు దాటొద్దు, పైన కారియర్ మీద యాభై కిలోలు దాటొద్దు. నేను దాన్ని కాగితం మీద రాసుకున్నాను.

వాళ్ళు చక్రాలు బిగించేలోపు నేను ఆటోలో లాకర్ దగ్గరికి పోయాను. కాపలా ఉండే బిక్షం నన్ను చూసి లేచి, బీరువా ముందు కుర్చీ వేసి దూరంగా వెళ్ళాడు. కొందరివి మూడేళ్ళ నుంచి ఉన్నాయని, తాళంచెవి తీసుకుపోయి మళ్ళీ రాలేదని పోయినసారి చెప్పాడు. పదిహేడు తెరిచాను. చిన్న కుండ, మూతికి ఎర్రగుడ్డ. ముడి మీద వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను. ఏమన్నా చెప్పాలనిపించింది. "టైర్లు వచ్చినయ్ అమ్మా" అన్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మామ, బండికి చప్పుడే లేదు, ఎవరు చూసిన్రు టైర్లు అని అడిగాడు. గోవర్ధన్ మాట్లాడకముందే రవీందర్, వదిన అన్నాడు. మామ నా వైపు చూసి ఒకసారి తలూపాడు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళలో కూర బాగుందని తలూపినవాళ్ళున్నారు గానీ, ఇలా ఎవరూ ఊపలేదు. రెండు రోజులు ఆ తల ఊపు నా వెంట తిరిగింది. మొగులయ్య దగ్గర రాసిన కాగితాన్ని మంచి అక్షరాలతో మళ్ళీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఏడుగురు. పైన యాభై కిలోలు. ఆరుగురం మనుషులం, ఏడో సీటు కాళ్ళ దగ్గర అమ్మ. లెక్క సరిపోయింది.

జనవరి మొదటి వారంలో అత్తమ్మ తమ్ముడు మల్లేశ్వర్ భార్యను తీసుకుని బడంగ్‌పేట్ నుంచి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చక్రాలు మెచ్చుకున్నాడు. సోఫాలో కూర్చుని, మేం గూడ వస్తం అక్కా, పుష్కరానికొకసారి వచ్చే మేళా, మళ్ళొచ్చేదాక ఎవరుంటరో ఎవరు పోతరో అన్నాడు. అత్తమ్మ కళ్ళు మెరిశాయి. తమ్ముడంటే ఆమెకు ప్రాణం. రాక రాక నోరు తెరిచి అడిగిండు అంటూ మామ వైపు చూసింది.

నేను టీ గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అత్తమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎనిమిది. జర సర్దుకుంటే ఏమైతదని మల్లేశ్వర్ అన్నాడు. ప్రేమలత సన్నగానే ఉంటుంది కదా అని ఆయన భార్య అంది.

గోవర్ధన్ లేచి వెళ్ళి ఫ్రిజ్ మీది కాగితం తీసుకొచ్చాడు.

"ఏడుగురు దాటితే టైర్లు ఆగవు" అన్నాడు నన్ను చూపిస్తూ. "ప్రసన్ననే రాసింది. అన్నీ చూసి రాసింది."

కాగితం చేతులు మారింది. మల్లేశ్వర్ చదివి, అక్షరాలు బాగున్నయ్ అన్నాడు. పైన విమానం దిగుతూ పోయింది. విమానాశ్రయం పక్కనే కాబట్టి మా ఇంట్లో ఎవరూ దానికోసం మాట ఆపరు గానీ, ఆ రోజు అందరికీ అది సాకు అయింది. చప్పుడు తగ్గాక అత్తమ్మ అంది, "ఇంటికి గూడ ఒకరు ఉండాలె గద. బర్రెలున్నయ్."

ఎవరూ నా పేరు తీయలేదు. అత్తమ్మకు మోకాళ్ళు పట్టేది ప్రేమలత. మామ లేకుండా ప్రయాణమే లేదు. అన్నదమ్ములు మార్చి మార్చి నడపాలి. చుట్టాలను రావద్దనలేరు. లెక్క నాకూ వచ్చు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పోశాను. ఎనిమిది కప్పులు.

గోవర్ధన్ వెనకే వచ్చాడు. చాలాసేపు ఉప్పు డబ్బా మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు.

"నువ్వే రాసినవ్ గద" అన్నాడు. "నేను గాదు."

"అమ్మ?"

"నేను తీస్కపోత గద. నువ్వు లేకున్న పని ఆగదు." డబ్బా మూత బిగించాడు. "లోపలైతే మల్లేశ్వర్ మామోళ్ళు ఏమనుకుంటరో. పైన కారియర్ల కడత. తార్పాలు కింద. ఏం గాదు."

నేను ట్రే ఎత్తాను. అతను నిజంగానే, దురుద్దేశమేమీ లేకుండా, ఆ కాగితం ఇంకా చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"ఎంత బరువుంటది?"

"రెండు కిలోలు గూడ ఉండదు" అన్నాను.

అతను ఊరటగా తలూపాడు.

మూడు రోజుల తర్వాత, బర్రెలకు దాణా పెట్టి, అందరికీ వండిపెట్టి, ఉందానగర్ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కి కాచిగూడ పోయాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్కదాన్నే రైలెక్కడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చున్నాను. ముఖం ముందుకే ఉంది, పక్కకు కాదు. దానికే కొత్తగా అనిపించింది. రిజర్వేషన్ వరుసలో రెండు గంటలు నిలబడ్డాను. మేళాకు ప్రత్యేక రైళ్ళు వేశారని ముందున్న ముసలాయన చెప్పాడు. కాగితం నింపేటప్పుడు ప్రయాణికుల పేర్లు అని ఆరు గీతలున్నాయి. మొదటి గీత మీద ప్రసన్నలక్ష్మి అని రాసి, కింద అయిదు గీతలూ కొట్టేశాను. ఖాళీగా వదిలితే ఎవరన్నా రాస్తారేమోనని కాదు. ఖాళీగా వదలడం నాకు అలవాటు లేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చున్నాం. మల్లేశ్వర్ దంపతులు కూడా సామాన్ల సంగతి మాట్లాడ్డానికి వచ్చారు. చిక్కుడుకాయ కూర, చింతపండు చారు. ఎవరెక్కడ కూర్చోవాలో అత్తమ్మ చెబుతోంది. మల్లేశ్వర్ భార్య చివరి సీటు తనకొద్దంది, నడుము పట్టేస్తుందట. ప్రేమలత తలొంచుకుని, నేను కూసుంట తియ్యి అంది. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. బియ్యం ఎన్ని కిలోలు, స్టవ్వు పైనా లోపలా అని గోవర్ధన్ అడుగుతున్నాడు. కారియర్ మీద ఏమేం పోతుందో రవీందర్ చదివాడు. బియ్యం, స్టవ్వు, దుప్పట్లు, బకెట్టు. "ఇంకా వదినోళ్ళ అమ్మ" అని, గొంతు తగ్గించి పళ్ళెంలోకి చూశాడు.

నేను మామకు రెండోసారి కూర వేసి గరిటె గిన్నెలో పెట్టాను.

"అమ్మను రాయకు రవీందర్" అన్నాను. "పద్దెనిమిది తారీకు నేను రైల్ల పోతున్న. అత్తాపూర్ల అమ్మను తీస్కొని అటు నుంచి అటే సికింద్రాబాద్ పోత. ఇంట్లకు తేను."

చేతులాగాయి. ఆడదానివి ఒక్కదానివి, అంత దూరం, అంత జనంలోనా అంది అత్తమ్మ. కొడుకులు కలపాల్సింది నువ్వెట్లా కలుపుతావన్నాడు మల్లేశ్వర్. ఆమెకున్న కొడుకూ బిడ్డా నేనే, అక్కడ పంతుళ్ళుంటారు, అడిగి చేస్తాను అన్నాను. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం కనిపించలేదు.

మామ మాత్రం నమలడం ఆపలేదు. మింగాక అడిగాడు.

"వచ్చేటందుకు గూడ టికెట్ చేపిచ్చినవా?"

"చేపిచ్చిన మామా. ఇరవై రెండు పొద్దుగాల దిగుత. మీరు బయల్దేరేది ఇరవై ఆరు." ప్రేమలత పళ్ళెంలో అన్నం అయిపోయింది, పెట్టాను. "ఇంటికి ఒకరు ఉండాలె గద."

గోవర్ధన్ నన్ను చూస్తున్నాడు. టేపు పట్టుకుని చక్రం ముందు కూర్చున్న రోజు తలెత్తి చూసినట్టు కాదు. ఏదో అంకె వెలిసిపోయిన చోట ఏముండేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"ఒక్క టికెట్టేనా?" అన్నాడు చివరికి.

"ఒక్కటే" అన్నాను. "అమ్మకు అక్కర్లేదు."

మామ పళ్ళెం కొంచెం నా వైపు జరిపాడు. నేను చారు పోశాను.